పరదేశమున కాపురము

'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అని మన పెద్దలు చెప్పుదురు. వారికి విమానముతో పని లేకపోయెను గనుక ఆ సామెత అంతటితో ఆగినది. నేడు దానికి మూడవ మాట యొకటి చేర్చవలసియున్నది: పరదేశమున కాపురము పెట్టి చూడు. పెండ్లి మాకైనది. ఇల్లు సగము కట్టితిమి. పరదేశమున కాపురము నాలుగేండ్లకు పైగా చేసితిమి. ఈ మూడింటిలో కడపటిదానిని గూర్చి మాకు కలిగిన అభిప్రాయమును విన్నవించుకొనుటకు ఈ సంచికయందు చోటొసగిన పెద్దలకు కృతజ్ఞులము.

మేము పెద్దకొడప్‌గల్ వాసులమగు దంపతులము. మా బిడ్డలిరువురు ఇప్పుడు ఈ పాఠశాలయందే చదువుచున్నారు. మేము చెప్పబోవునది పాండిత్యము కాదు. అనేక కుటుంబములు మా వలెనే ఈ త్రోవను నడచుచున్నవి గాన, ముందు నడచినవారు త్రోవలోని గుంటలను వెనుకవారికి తెలుపుట ధర్మమని వ్రాయుచున్నాము.

సంగారెడ్డినుండి నాందేడునకు పోవు 161వ జాతీయ రహదారిమీద పోవువారు మన ప్రాంతపు గ్రామములను చూడుడు. సోయా చేలకును జొన్న చేలకును నడుమ రంగులు వేసిన మేడలు అక్కడక్కడ కనబడును. అందు కొన్ని గల్ఫు సొమ్ముతో లేచినవి. పై అంతస్తునకు తాళము. క్రింది వసారాలో ముసలితల్లి, వంటయింట కోడలు, బడికి పోవు పిల్లలు. ఆ మేడకు సొమ్ము పంపినవాడు ఆ మేడలో రెండేండ్లకొకసారి నెల రెండునెలలు నిదురించును. ఇల్లు ఇచట, ఇంటివాడు అచట. దీనిని కాపురమనవచ్చునా?

మా అభిప్రాయము ముందుగనే చెప్పెదము. కాపురమనగా గోడలు కావు, సామాను కాదు, నెలనెలకు వచ్చు సొమ్మును కాదు. ఇంటివారందరు ఒక్క దీపము క్రింద కూర్చుండి భోజనము చేయుటయే కాపురము. సాధ్యమైనవారు దీనిని మొదట నిలిపి మేడను వాయిదా వేయవలెను గాని, మేడను మొదట నిలిపి కాపురమును వాయిదా వేయరాదు. ఈ మాట చెప్పుట సులభము. దానికి మేము చెల్లించిన వెల యెంతయో కూడ చెప్పనిచో మా మాట సగము అబద్ధమగును.

మాలో ఒకరు 2011వ సంవత్సరమున దుబాయికి పోయిరి. అప్పటికి మనది నిజామాబాదు జిల్లా. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడినది. దుబాయిలో ముహైస్నా అను పేటలో కార్మికుల వసతులు బారులుబారులుగా నున్నవి. మనవారు దానిని సోనాపూర్ అందురు, అనగా బంగారుపురము. ఆ బంగారుపురమున ఒక గదికి ఎనమండుగురు. మంచముపై మంచము. మంచమునకు చుట్టు కట్టిన దుప్పటియే గోడ. మంచము క్రింది పెట్టెయే కొట్టు. తలవైపు చెక్కకు అంటించిన పటమే కుటుంబము. ఎనిమిదేండ్లు ఇట్లే గడచెను.

ఆ నడుమ, 2012లో, మాకు కూతురు పుట్టినది. దానికి ఐదేండ్ల వయసున బాపు సెలవుమీద ఇంటికి వచ్చెను. పగలంతయు క్రొత్త బొమ్మలతో ఆడుకొనినది. చీకటిపడిన తరువాత అది ఫోను తెచ్చి తల్లి చేతికిచ్చి, బాపుతో మాటాడవలెనని మారాము చేసెను. బాపు ఎదుటనే మంచముపై కూర్చుండియుండెను. దాని లెక్కకు బాపు అనగా రాత్రి ఎనిమిది గంటలకు ఆ అద్దములో కనబడు మొగము. ఆ రాత్రి మా యిరువురకు నిదుర పట్టలేదు. పై అంతస్తునకై కూడబెట్టిన సొమ్ము వేరొక పనికి ఉపయోగింపవలెనని ఆ రాత్రియే నిశ్చయించుకొంటిమి.

నిశ్చయము వేరు, చట్టము వేరు. ఆ కాలమున ఆ దేశమున ఏ ఉద్యోగములవారు కుటుంబమును పిలిపించుకొనవచ్చునో ఒక జాబితా యుండెడిది. శీతలయంత్రములు బాగుచేయు పనివాని పేరు అందు లేదు. 2019లో అచటి ప్రభుత్వము ఉద్యోగపు పేరును విడిచి, ఆదాయమును ప్రమాణముగా గైకొనెను. నెలకు 4,000 దిర్హాముల జీతము గలవారు, లేదా యజమాని వసతినిచ్చి 3,000 దిర్హాముల జీతము గలవారు భార్యాబిడ్డలను పిలిపించుకొనవచ్చునని నియమము వచ్చెను. అందువలననే మాకు ద్వారము తెరవబడినది. గల్ఫు అని మనము ఒక్కటే పేరు పెట్టుదుము గాని ఒక్కొక్క దేశపు నియమము ఒక్కొక్క తీరు. సౌదీ అరేబియాయందు 2017 జూలైనుండి కుటుంబములోని ప్రతి వ్యక్తికిని నెలకు 100 రియాళ్ల చొప్పున సుంకము విధింపబడి, 2020 నాటికి అది 400 రియాళ్లకు పెరిగెను. కువైటులో 2024న కుటుంబ వీసాలు తిరిగి ఇచ్చుట మొదలుపెట్టినప్పుడు 800 దినార్ల జీతము కావలెనని నిర్ణయించిరి. కావున పరదేశమున కాపురము పెట్టగోరువాడు బయలుదేరకముందే ఆ దేశపు నియమమును తెలిసికొనవలెను.

ద్వారము తెరవబడినను కాగితములు మమ్ములను నాలుగు నెలలు గడపవద్దనే నిలిపినవి. మా వివాహము నమోదు కాలేదు. ఉమ్మడి రాష్ట్రమున 2002లోనే వివాహముల నమోదు తప్పనిసరియని చట్టము వచ్చినను, పందిరి వేసి పదిమంది యెదుట చేసిన పెండ్లికి మరల కాగితమెందులకని మన పల్లెలలో తలంచితిమి. అంతకంటె పెద్ద చిక్కు ఇంటిపేరుతో వచ్చెను. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. ఒక కాగితమున ఇంటిపేరు పూర్తిగా నుండెను, ఒకదానిలో ఒక్క పొడి అక్షరమే యుండెను, మూడవదానిలో అసలే లేదు. ఒక్క మనిషి మూడు కాగితములలో ముగ్గురు మనుష్యులాయెను! అవి సవరించుకొని, రాష్ట్ర ప్రభుత్వము, ఢిల్లీలోని విదేశాంగ శాఖ, ఆ దేశపు రాయబార కార్యాలయము, ఈ ముగ్గురి ముద్రలు వేయించుకొని, అచటికి చేరిన పిమ్మట వారి విదేశాంగ శాఖ ముద్రయు వేయించవలసివచ్చెను.

2019 చివర మేము నలువురము ఒక్క గదిలో దీపము వెలిగించుకొంటిమి. ఆ గది దుబాయిలోని ఇంటర్నేషనల్ సిటీ అను పేటలోనిది. అచట భవనముల గుంపులకు చైనా, రష్యా, ఫ్రాన్సు, ఇంగ్లండు అని దేశముల పేర్లు పెట్టినారు. మా గది ఇంగ్లండు గుంపులోనిది. ఆ మాట ఫోనులో విన్న మా అవ్వ, తన కొడుకు కోడలు ఇంగ్లండులో నున్నారని వాడకట్టంతయు చెప్పుకొన్నది. మేము దిద్దలేదు.

ఇక కాపురపు సామాను. జీతమున ఇంచుమించు మూడవ వంతు అద్దెకే పోవును. ఏడాది అద్దెకు ముందు తేదీలు వేసిన చెక్కులు ఇయ్యవలెను. కరారును ఎజారీ అను ప్రభుత్వపు పద్దులో నమోదు చేయింపవలెను. విద్యుత్తునకును నీటికిని 2,000 దిర్హాములు పూచీగా కట్టవలెను. ఇంతవరకు తప్పనిసరి. దానిమీద మేము చేసిన తెలివిమాలిన పని యొకటి కలదు. ఊరిలోని చుట్టములు పటములు చూచి సంతోషింతురని వాయిదాలమీద సోఫాయు పెద్ద టీవీయు కొంటిమి. మేము భోజనము చేసినది నేలపై చాప పరచుకొని. పిల్లలు నిదురించినది ఆ చాపమీదనే. సోఫామీద ఉతికిన బట్టలు కూర్చుండెను. ఏడాదిన్నరవరకు వాయిదాలు కట్టితిమి.

దానికి భిన్నముగా, ఏమియు ఖర్చులేని వస్తువొకటి మా కాపురమును నిలిపినది. అది జొన్నరొట్టె చరచు చప్పుడు. మొదటి వారముననే ఆ చప్పుడు విని ప్రక్కగది ఇల్లాలు తలుపు తట్టినది. ఆమె పాకిస్తాను దేశపు సింధు ప్రాంతమునుండి వచ్చినది. తన తల్లియు ఇట్లే రొట్టె చరచునని చెప్పి గుమ్మమున నిలిచి నవ్వినది. ఆమెకు తెలుగు రాదు, మాకు సింధీ రాదు. కాని మనది మహారాష్ట్ర, కర్ణాటకముల యెల్లలకు దగ్గరి నేల కాదా! తెలుగు, మరాఠీ, కన్నడము, ఉరుదూ, తండాలలో లంబాడీ, ఇన్ని భాషలు వినుచు పెరిగిన మనకు నోరు తడబడదు. పిట్లము సంతలో నేర్చిన ఉరుదూ దుబాయిలో మాకు పొరుగును సంపాదించి పెట్టెను. 2020 మార్చిలో మహమ్మారి వలన బడులు మూతపడి, పాఠములన్నియు అద్దములోనికి పోయినప్పుడు మా యింట ఒక్కటే ఫోను ఉండెను. పనిచోట జీతమును తగ్గించిరి. ఆ ఇల్లాలు తన కుమారుని పాఠము ముగిసిన వెంటనే వారి యంత్రమును మా కూతునకు పంపుచు వచ్చినది. కొన్ని నెలలకు ఆమె భర్త పని పోగా వారు స్వదేశమునకు వెడలిపోయిరి. పోవునాడు మా గుమ్మమున విడిచిపోయిన రొట్టెల పీట నేటికిని మా యింట నున్నది.

పొరుగు అనునది ఎంత గొప్పదో మనకు దుబాయి చెప్పవలసిన పని లేదు. స్కాట్లండు దేశీయురాలగు వైద్యురాలు ఇసబెల్ కెర్ 1907లో భర్తతో హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. ఆ దంపతుల కృషివలన 1915లో మన పొరుగుననే డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల చికిత్సాలయము వెలసినది. ఇతరులు తాకుటకు వెరచినవారిని ఆమె పొరుగువారుగా గైకొనినది. పరదేశమున కాపురము పెట్టినవారు ఆ దేశపు కష్టములో పాలుగొన్ననాడే అచటివారగుదురు.

మన తెలుగువారి పాత వలసలును ఇదే పాఠము చెప్పుచున్నవి. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి ట్రూరో అను ఓడ కూలీలతో దక్షిణాఫ్రికాయందలి డర్బను రేవును చేరినది. ఆ వలసలలో తెలుగువారును పోయిరి. తోటల యజమానులకు కావలసినది చేతులు మాత్రమే, కాపురములు కావు. అందుచేత నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలైనను ఉండవలెనని ప్రభుత్వము నిబంధన పెట్టవలసివచ్చెను. ఆ కొలది కాపురములనుండియే అచట తెలుగు సమాజము పెరిగి, 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనెను. మారిషసులో తెలుగువారి సంతతికి ఇంటిభాష చాలవరకు క్రియోలు అయినను, ఉగాది నేటికిని ఆ దేశమున సెలవుదినము. రంగూను మాట వేరు. అచటి రేవులలోను మిల్లులలోను పాటుపడిన మనవారిలో అత్యధికులు ఒంటరి పురుషులు. 1941 డిసెంబరు 23న ఆ నగరముపై బాంబులు పడిన పిమ్మట వారిలో ఎందరో కట్టుబట్టలతో అడవిత్రోవలు పట్టిరి. సంపాదన సొమ్ము పోవచ్చును, మేడ కూలవచ్చును. కాపురము మాత్రము ఎక్కడనైనను మొలచును.

ఇంతవరకు మా వాదము నల్లేరుమీద బండివలె సాగినది. ఇక వెల చెప్పెదము. మాతో సోనాపూర్‌లో నుండిన మిత్రులు ఆ యైదేండ్లలో మేడలు పూర్తిచేసిరి, బావులు త్రవ్వించిరి. మా యింటి స్తంభములపై ఇనుపకడ్డీలు త్రుప్పుపట్టి ఆకాశమును చూచుచున్నవి. ఇది చిన్న వెల. పెద్ద వెల మా అవ్వ చెల్లించినది.

తలిదండ్రులను ఆ దేశమునకు పిలిపించుకొని ఉంచుకొనవలెనన్న, భార్యాబిడ్డలకు చాలు జీతము చాలదు. అవ్వను ఊరనే విడిచితిమి. సొమ్ము పంపితిమి. పొరుగువారికి అప్పగించితిమి. ప్రతిరాత్రి ఫోనులో పలుకరించితిమి. మహమ్మారి వలన రెండేండ్లు రాలేక 2022 వేసవిలో వచ్చితిమి. ఆమె పిల్లలను ముద్దాడి, కాళ్లు కడుగుకొనుటకు నీళ్లిచ్చి, అరుగుమీద కూర్చుండి, కోపము లేని గొంతుతో ఒక్క మాట అడిగినది: "ఇల్లు ఆడ పెట్టిన్రు. మరి నన్నేడ పెట్టిన్రు?"

ఒక్క దీపము క్రింద అందరు కూడుటయే కాపురమని మేము చెప్పుకొను సూత్రము ఆ ప్రశ్న యెదుట నిలువలేదు. మా దీపము క్రింద నలువురము కూడితిమి, ఐదవవారిని చీకటిలో విడిచితిమి. కూతురు బాపును ఫోనులో వెదకకూడదని మేము పోతిమి. అవ్వ మనుమలను ఫోనులో వెదకవలసివచ్చెను. పరదేశమున పెట్టిన ప్రతి కాపురమునకును ఇట్టి ఖాళీపీట యొకటి యుండును. అది లేదని చెప్పువాడు ఇంకను లెక్క పూర్తిచేయలేదు.

అటులైన మేము పోవుట తప్పా? కాదని మా నమ్మకము. బిడ్డలు తండ్రితో గడపవలసిన యేండ్లు మరల రావు. కాని ఆ కాపురమునకు గడువు ఉండవలెను. ఆ దేశమున నివాసపు హక్కు ఉద్యోగముతో ముడిపడియున్నది. ఉద్యోగము పోయిననాడు ఇంటిల్లిపాది కదలవలసినదే. వారు త్రోయకముందే మనమే తేదీ నిర్ణయించుకొనుట మేలు. మేము 2024 వేసవిని నిర్ణయించుకొంటిమి. తిరిగి వచ్చితిమి. జీతము తగ్గినది. అవ్వ పీట నిండినది.

కావున మూడు విన్నపములు.

ఉపాధ్యాయులకు: ప్రవేశపు పద్దులో మీరు వ్రాయు పేరు ఆ బిడ్డ వెంట సముద్రములు దాటును. ఇంటిపేరు, సొంతపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ జనన ధ్రువపత్రముతో సరిచూచి పూర్తిగా వ్రాయుడు. పొడి అక్షరములతో సరిపెట్టకుడు.

తలిదండ్రులకు: పెండ్లియైన నెలలోనే వివాహమును నమోదు చేయించుడు. పరదేశము పోవువారు పోవుటకు ముందే ఎంత జీతము వచ్చిన కుటుంబమును తీసికొనిపోదురో, ఏ యేడు తిరిగి వత్తురో ఇంటిలో అందరి యెదుట చెప్పుడు. ఊర విడువబడు తల్లికి బ్యాంకు పద్దు ఆమె పేరననే యుండవలెను. ఆమె ఎవరిని అడుగకుండ మందు కొనుక్కొనగలుగవలెను. బడి సెలవులలో పిల్లలను ఆమె యొద్దకు పంపుడు. జీతము చాలక కుటుంబమును తీసికొనిపోలేని తండ్రులే ఎక్కువమంది. వారిని మేము నిందింపము, ఎనిమిదేండ్లు మేమును వారిలోనివారమే. వారికి మా మనవి ఒక్కటే: మేడకు ఒక అంతస్తు తగ్గించి, మీ రాకకు ఒక యేడు ముందు జరుపుడు.

విద్యార్థులకు: పదవ తరగతి తప్పక ఉత్తీర్ణులు కండు. అది లేనివారు గల్ఫు మొదలగు 18 దేశములకు కూలికి పోవునప్పుడు ప్రభుత్వపు వలస అనుమతి పొందవలెను. అట్టివారికి 10 లక్షల రూపాయల ప్రమాద బీమాయు తప్పనిసరి. అది వారి రక్షణకే ఏర్పడినది గనుక, దళారి మాట విని దానిని తప్పించుకొని సందర్శకుల వీసామీద పోవువాడు తన తలను తానే తాకట్టు పెట్టుకొనును. పదవ తరగతితోపాటు ఒక చేతిపనిని నేర్చినవానికి జీతము పెరుగును. జీతము పెరిగినవానికే కాపురపు ద్వారము తెరవబడును. మీ బాపు దూరదేశమున నున్నచో, ఫోనులో కేవలము కావలసిన వస్తువులు చెప్పి ముగింపకుడు. ఆ దినమున బడిలో జరిగినది చెప్పుడు. ఆయన తిన్నది అడుగుడు. ఆయన ఆ మంచముమీదనుండి మీ యింటిలోనికి వచ్చుటకు అదియే వాకిలి.

మా కూతునకు ఇప్పుడు బాపును ఫోనులో వెదకవలసిన పని లేదు. సాయంకాలము అవ్వ రొట్టె చరచుచుండగా, పొయ్యి ప్రక్కన ఆ సింధు ఇల్లాలి పీటమీద కూర్చుండి పాఠము చదువుకొనును. పైన ఇనుపకడ్డీలు అట్లే యున్నవి. చూచినవారు పై అంతస్తు ఎప్పుడు లేపుదురని అడుగుచుందురు. క్రింది అంతస్తు నిండిన తరువాత చూతమని చెప్పుచున్నాము.